గీత దాటని గార్డు

ఆర్డిత్ వాస్ ఇప్పుడు మా ఊరు వెస్టర్‌హోల్ట్‌లో స్కూలు బస్సు నడుపుతోంది. మంచు ఎంత కురిసినా ఆలస్యం చేయదు. అల్లరి చేసే పిల్లల్ని అద్దంలోంచి ఒక్క చూపు చూసిందంటే చాలు, బస్సంతా కిక్కురుమనదు. ఆవిడకి నవ్వడం రాదని పిల్లలు అనుకుంటారు. పెద్దవాళ్ళు కెఫేలో కాఫీ కప్పులు ముందేసుకుని ఇంకో మాట అంటారు. "పాపం, బాస్కెట్‌బాల్లో మంచి గార్డే. బాస్కెట్‌లో బంతి వేయడం రాక కాలేజీ చెయ్యి జారిపోయింది." ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. అనేవాళ్ళలో సగం మంది ఆ పిల్ల బతుకులో వేలు పెట్టినవాళ్ళే. జరిగింది వేరు.

ఆ రోజుల్లో మా అయొవా రాష్ట్రంలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ దారి వేరు. జట్టుకి ఆరుగురు. కోర్టు మధ్యన ఒక గీత. ముగ్గురు ఫార్వర్డులు గీతకి ఆ వైపు ఉండి బాస్కెట్‌లో బంతి వేస్తారు. ముగ్గురు గార్డులు ఈ వైపు ఉండి, ఎదుటి జట్టు ఫార్వర్డుల్ని అడ్డుకుంటారు. గీత ఎవరూ దాటకూడదు. బంతి చేజిక్కించుకున్న గార్డు దాన్ని అవతలికి అందించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూడాలి, అంతే. ఆడపిల్లలు కోర్టు పొడుగునా పరిగెత్తితే గుండెకి మంచిది కాదని పూర్వం ఎవరో పెద్దమనిషి అన్నాడని చెప్పుకునేవారు. పొద్దున్నే పందుల దొడ్డి కడిగి, మేత బస్తాలు మోసి, ఆ తర్వాత స్కూలుకొచ్చే పిల్లల గుండెల గురించి ఎంత బెంగో!

ఎవరు ఫార్వర్డు, ఎవరు గార్డు అనేది ఐదో తరగతిలోనే తేలిపోయేది. కోచ్ మెర్ల్ డర్క్స్ పిల్లల్ని వరసగా నిలబెట్టి, సంతలో దూడల్ని చూసినట్టు చూసి, వేలు చూపించి చెప్పేసేవాడు. ఆ మాటకి తిరుగు లేదు. ఫార్వర్డు అయిన పిల్ల తండ్రి ఆ శనివారమే ట్రాక్టర్ షెడ్డు గోడకి బంతి వేసే రింగు బిగించేవాడు. గార్డు ఇంట్లో రింగు ఉండేది కాదు. ఎందుకు దండగ? ఆర్డిత్ ఈడు ట్వైలా రెంకెన్ వాళ్ళ షెడ్డుకి రింగు వచ్చింది. పక్క పొలంలో ఆర్డిత్ తండ్రి ఆల్విన్ వాస్ షెడ్డుకి రాలేదు. ఆర్డిత్ అడిగితే ఆల్విన్ నవ్వాడు.

"నీకెందుకమ్మా రింగు? నీ పని ఆపడం. వెళ్ళి మీ అన్నల్ని ఆపు."

అన్నలిద్దరినీ ఆపుతూ పెరిగింది ఆర్డిత్. మోచేతి దెబ్బలు తిని, పెదవి చిట్లి, ఏడవకుండా నేర్చుకుంది. హైస్కూలుకొచ్చేసరికి ఆ పిల్ల ఎదురుగా నిలబడిందంటే ఎంతటి ఫార్వర్డుకైనా చెమటలు పట్టేవి. ప్రాక్టీసులో సరదాకి రింగు వైపు బంతి విసిరితే మాత్రం కోచ్ డర్క్స్ ఊరుకునేవాడు కాదు.

"ఏమే ఆర్డిత్! ఫార్వర్డు కావాలని కోరికగా ఉందా? పది చుట్లు పరిగెత్తు, దిగిపోతుంది."

గార్డు చేతికి షూటింగు రుచి తగిలితే ఆపడం మరిచిపోతుందని ఆయన నమ్మకం. చిన్నప్పటి నుంచి ఒక్క ఆటలో, ఒక్కసారి కూడా ఆర్డిత్ రింగులోకి బంతి వేయలేదు. వేయలేదని ఎవరికీ తోచనైనా తోచలేదు.

ఆ పిల్లకి ఒకటే కోరిక. కోచ్ కావాలి. ఇంట్లో కుర్చీలు వరసగా పెట్టి వాటికి ఆట నేర్పేది. తల్లి ఇర్మా ఆపిల్ పై రొట్టె కాలుస్తూ ఓ కంట చూసి నవ్వుకునేది. అయితే మా దగ్గర స్కూలు కోచ్ కావాలంటే ముందు టీచరు కావాలి, టీచరు కావాలంటే కాలేజీ డిగ్రీ కావాలి. ఆల్విన్ వాస్‌కి ఉన్నది కొంచెం మొక్కజొన్న పొలం, కొన్ని పందులు, ఇద్దరు కొడుకులు. కూతుర్ని కాలేజీలో చదివించే స్తోమత లేదు. లేదని దాచుకోలేదు కూడా. ఆడపిల్లలకి ఆట మీద కాలేజీలు స్కాలర్‌షిప్ ఇవ్వడం అప్పుడప్పుడే మొదలైంది. అది దొరికితే ఆర్డిత్ కోచ్, దొరక్కపోతే లేదు.

హైస్కూలు చివరి ఏడాది వెస్టర్‌హోల్ట్ జట్టు రాష్ట్ర పోటీలకి వెళ్ళింది. ఊరంతా కార్లెక్కి రాజధానికి పోయింది. బ్యాంకు మూశారు, కెఫే మూశారు, పాస్టరు కూడా వచ్చాడు. ట్వైలా బంతి వేసిన ప్రతిసారీ పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. ఆర్డిత్ ఆపిన ప్రతిసారీ కూడా అరిచారు, అది ఒప్పుకోవాలి. సెమీఫైనల్లో రాష్ట్రంలోకెల్లా పేరున్న ఫార్వర్డుని ఆర్డిత్ పట్టి నిలిపేస్తే, ఆ పిల్ల బెంచీ మీద తువ్వాలు కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఫైనల్లో ఓడిపోయారు. పోతేనేం, తిరిగొచ్చేటప్పుడు ఊరి బయట ఫైరింజను ఎదురొచ్చి, గంట కొడుతూ పిల్లల్ని ఊళ్ళోకి తీసుకెళ్ళింది.

ఆ ఆట చూడ్డానికి పక్క రాష్ట్రం కాలేజీ నుంచి మిస్ ఓబర్గ్ అనే కోచ్ వచ్చింది. పొట్టి మనిషి, మెడలో ఈల, మాట కటువు. వారం తిరక్కుండానే వాస్ వాళ్ళ వంటింట్లో కూర్చుని ఇర్మా చేసిన హ్యామ్ మాంసం, బంగాళాదుంపలు తింది. వెళ్ళేటప్పుడు అసలు సంగతి చెప్పింది.

"నువ్వూ ట్వైలా ఇద్దరూ నాకు కావాలి. కానీ మేం ఆడేది ఐదుగురి ఆట. మధ్యన గీతలేం ఉండవు. అందరూ కోర్టంతా పరిగెత్తాలి, అందరూ ఆపాలి, అందరూ బంతి వేయాలి. ఏప్రిల్లో ఒకసారి ఇద్దరూ వచ్చి మా పిల్లలతో ఆడండి, చూస్తాను."

"వస్తాను మిస్," అంది ఆర్డిత్. వెంటనే అంది. ఇర్మా పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఏప్రిల్లో ఇద్దరు పిల్లలూ ఆల్విన్ పికప్పు బండిలో పోయారు. అక్కడి జిమ్ము చూసి ట్వైలా నోరు వెళ్ళబెట్టింది. ఆట మొదలైంది. ట్వైలా ఎక్కడి నుంచి వేసినా బంతి పడుతోంది, కానీ ఆపడం దగ్గరికొచ్చేసరికి గుంజలా నిలబడిపోయింది. కాలేజీ పిల్లలు ఆమె పక్కనుంచి షికారుకి పోయినట్టు పోయారు. ఆర్డిత్ అందరినీ ఆపింది. బంతి లాక్కుంది, ముందుకి పరిగెత్తింది, సగం కోర్టు దగ్గరికి రాగానే కాళ్ళు వాటంతటవే బిగుసుకుపోయాయి. గీత మీద ఆగిపోయింది. వెనకనుంచి వస్తున్న పిల్ల వీపుకి గుద్దుకుని కిందపడింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. రెండోసారి కూడా అలాగే ఆగింది. ఈసారి అందరూ నవ్వారు.

"ఆర్డిత్, దాటు! అక్కడ గోడేం లేదు!" అని మిస్ ఓబర్గ్ కేక పెట్టింది.

దాటింది. దాటితే ఎదురుగా ఖాళీ రింగు, అడ్డు ఎవరూ లేరు. ఆర్డిత్ బంతి పట్టుకుని నిలబడి, ఎవరికి అందించాలా అని చుట్టూ చూసింది. "వెయ్యవే తల్లీ!" అని ఎవరో అరిచారు. వేసింది. బంతి రింగు దాకా పోనేలేదు, కిందనే వలకి తగిలి పడింది. ఇంకోటి వేస్తే బోర్డు మీదుగా పోయి జనం కూర్చునే మెట్ల మీద పడింది. జిమ్ములో నవ్వులే నవ్వులు. చెడ్డ పిల్లలేం కాదు, నవ్వొచ్చింది, నవ్వారు. కానీ అంతవరకూ ఆర్డిత్‌ని చూసి ఎవరూ నవ్వి ఎరగరు. ఆ పిల్లకి తల కొట్టేసినట్టయింది.

మిస్ ఓబర్గ్ నవ్వలేదు. ఇద్దరినీ పక్కకి పిలిచి నిజం చెప్పింది.

"మీరిద్దరూ చెరో సగం ఆటగత్తెలు. సగం మీ వాళ్ళు నేర్పారు, తక్కిన సగం నేను నేర్పుతాను. మొదటి ఏడు ప్రాక్టీసే, ఆటల్లో దింపను. బెంచీ మీద కూర్చుని చూడాలి. ఫీజు, గది, భోజనం కాలేజీయే భరిస్తుంది. ఇష్టమేనా?"

"ఇష్టమే," అంది ట్వైలా. ట్వైలాకి సిగ్గూ శరం తక్కువని మా ఊళ్ళో అనేవాళ్ళు. ఉండకపోవడమే మంచిదైంది.

ఆర్డిత్ "ఇంట్లో అడిగి చెప్తాను" అంది. ఇంట్లో అడగాల్సిందేమీ లేదని ఆ పిల్లకీ తెలుసు.

దారిలో ట్వైలా ఒకటే వాగుడు. "ఒక్క ఏడాదే కదే! కూర్చోబెట్టి తిండి పెడతానంటే ఏడుస్తావేంటి? ఇద్దరం ఒకే గదిలో ఉందాం."

"నవ్వారు కదే!"

"నన్ను చూసీ నవ్వారు. నేను చూసుకోలేదు, అంతే."

కబురు కెఫేలోకి పాకింది. పాకిన కబురుకి కాళ్ళూ చేతులూ వచ్చాయి. మన ఆర్డిత్‌ని బెంచీ మీద కూర్చోబెడతారట! సెమీఫైనల్లో అంత పేరున్న ఫార్వర్డుని పట్టి నిలిపేసిన పిల్లని! కోచ్ డర్క్స్‌కి ముక్కు మీద కోపం.

"మన ఆట రాదంటుందా ఆవిడ? నేను నేర్పింది సగమంటుందా? ఇంత గార్డుని కూర్చోబెట్టే మనిషికి ఆటంటే ఏం తెలుసు?"

ఆల్విన్ కాఫీ తాగుతూ తల ఊపాడు. అవమానం కూతురికి జరిగిందో తనకి జరిగిందో ఆయనకే తేలలేదు.

సరిగ్గా అప్పుడే దిగాడు లైల్ స్టోడర్డ్. లైల్ మా చుట్టుపక్కల మొక్కజొన్న విత్తనాలు అమ్మేవాడు. వసంతంలో బస్తాలు దింపి, పంటలయ్యాక వచ్చి, పై రొట్టెలో ఓ ముక్క తిని, షేక్‌హ్యాండిచ్చి పోయేవాడు. ఆడవాళ్ళకి కొత్తగా, జీతాలిచ్చి ఆడించే ప్రొఫెషనల్ లీగ్ పెడుతున్నారని, అందులో ఒక జట్టు తనదేనని చెప్పాడు. జట్టు పేరు ప్రెయిరీ బెల్స్. అయొవా వాళ్ళని టికెట్ కొని రప్పించాలంటే అయొవా పిల్ల ఉండాలి. అందుకని ఆర్డిత్ కావాలి.

"బంతి వేసేవాళ్ళు నా దగ్గర బోలెడంత మంది ఉన్నారు తల్లీ. నువ్వు ఆపు చాలు. మొదటి రోజు నుంచే ఆడతావు. బెంచీ గించీ నా దగ్గర లేవు," అన్నాడు.

కెఫేలో అందరూ చప్పట్లు కొట్టారు.

ఆర్డిత్ చప్పట్లకి కరగలేదు. ఒక్కటే అడిగింది. "మరి నా చదువు?"

"నీ చదువెక్కడికి పోతుంది? ఒక్క సీజను ఆడు. నచ్చకపోతే మళ్ళీ శరత్కాలానికి కాలేజీకి పో. ఆ కాలేజీ కోచే ఎదురొచ్చి తీసుకుపోతుంది, అప్పటికి నువ్వు ప్రొఫెషనల్‌వి! ఏమయ్యా ఆల్విన్, ఇన్నేళ్ళలో నీకు ఒక్క పుచ్చు గింజ ఇచ్చానా?"

"ఇవ్వలేదు," అన్నాడు ఆల్విన్.

మా వైపు అంతే. విత్తనాలవాడు ఒకసారి మోసం చేస్తే ఏడాది పంట పోతుంది, మళ్ళీ ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు. అన్నేళ్ళుగా గుమ్మం ఎక్కుతున్నాడంటే మాట మీద నిలబడేవాడనే అర్థం. అలాంటివాడి మాట మీద ప్రశ్న వేయడం, వాడి తల్లిని తిట్టినంత తప్పు. గింజల గురించి నమ్మదగినవాడు పిల్ల బతుకు గురించి కూడా నమ్మదగినవాడేనా అని ఎవరూ ఆలోచించలేదు.

ఈలోగా మిస్ ఓబర్గ్ రెండుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి ఆర్డిత్ ఇంట్లో ఉండి కూడా లేనని చెప్పించింది. రెండోసారి ఇర్మాతో ఆవిడ గట్టిగానే చెప్పింది. "అమ్మా, ఆ పిల్లని ఎక్కడా సంతకం పెట్టనివ్వకండి. డబ్బు తీసుకుని ఒక్క ఆట ఆడినా, ఇక ఏ కాలేజీ ఆడనివ్వదు. అది రూలు. నా చేతుల్లో ఉండదు."

ఇర్మా భోజనాల దగ్గర ఆ మాట చెప్పింది. ఆల్విన్ చేతిలో గిన్నె పక్కన పెట్టాడు.

"పిల్ల చెయ్యి జారిపోతోందని ఆవిడ కడుపుమంట. లైల్ నా మొహం చూసి చెప్పాడు, పోవచ్చని."

"ఒకసారి లైల్‌ని అడగచ్చు కదా, ఇలా అంటున్నారు, నిజమేనా అని?"

"ఏమని అడగను? నువ్వు అబద్ధాలకోరువా అని అడగనా?"

ఇర్మా ఆర్డిత్ వైపు చూసింది. ఆర్డిత్ పళ్ళెంలోకి చూస్తోంది. ఆ పిల్ల చెవుల్లో ఇంకా జిమ్ములో నవ్వులే ఉన్నాయి. నిజమేమిటో తేల్చుకోవాలంటే మిస్ ఓబర్గ్‌కి ఫోన్ చేయాలి. ఫోన్ చేస్తే ఆ గొంతు వినాలి. ఆ గొంతుతో పాటే "దాటు, అక్కడ గోడేం లేదు" అన్న కేక కూడా.

ట్వైలా పరిగెత్తుకొచ్చింది. "ఆ కాలేజీ సంగతి కాంట్రాక్టులో రాశాడా?"

"అందరి ముందూ చెప్పాడుగా."

"రాశాడా అని అడుగుతున్నానే మొద్దూ!"

"రాయమని నేనెలా అడుగుతాను? నాన్న తలెత్తుకోగలడా?"

"నాన్న తల సంగతి సరే. నువ్వేమైపోతావే?" అని ట్వైలా ఏడుపు మొహంతో తిరిగిపోయింది.

కెఫేలో, పై రొట్టెల పళ్ళేలు పక్కకి జరిపి, అందరూ చూస్తుండగా ఆర్డిత్ సంతకం పెట్టింది. కోచ్ డర్క్స్ భుజం తట్టాడు. ఫొటో తీశారు. కెఫే గోడ మీద చాలా కాలం ఉంది ఆ ఫొటో.

ప్రెయిరీ బెల్స్ వైభోగం ఏం చెప్పాలి! మొదటి వారం ఆట నేర్పలేదు, లిప్‌స్టిక్ పూసుకోవడం నేర్పారు. కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం నేర్పడానికి ఒకావిడని పిలిపించారు. పెద్ద పెద్ద హాళ్ళలో ముందు రెండు వరసల్లోనే జనం. వాళ్ళలోనూ సగం మంది లైల్ ఊరికే టికెట్లిచ్చి తెచ్చిన రైతులు. బస్సు హీటరు పనిచేసేది కాదు. అయితే ఆర్డిత్ మొదటి రోజు నుంచే ఆడింది, ఆ మాట మాత్రం లైల్ నిలబెట్టుకున్నాడు.

ఆ జట్టులో రోషెల్ గాస్కిన్స్ అని న్యూజెర్సీ నుంచి వచ్చిన నల్లజాతి పిల్ల ఉండేది. వీధి కోర్టుల్లో మగపిల్లలతో ఆడి పెరిగింది, వయసులో అందరికంటే పెద్ద, నోరు ఇంకా పెద్దది. ఆర్డిత్ షూటింగ్ చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. చిత్రమేమిటంటే, ఆ నవ్వుకి ఆర్డిత్‌కి అవమానం అనిపించలేదు. నవ్వుతూనే దగ్గరికొచ్చింది కాబట్టేమో.

"ఏంటే అది? బంతి వేస్తున్నావా, పందిపిల్లని గోడ దాటిస్తున్నావా?"

"పందిపిల్లనైతే బానే దాటిస్తాను."

"అబ్బో, మాటలొచ్చే! రా ఇటు. మోచెయ్యి లోపలికి పెట్టు. అలా కాదు. మీ ఊళ్ళో నీకు రింగు చూపించనేలేదా?"

"లేదు."

రోషెల్ నవ్వు ఆపేసింది. "నిజంగానా?"

"నేను గార్డుని."

"ఎవరు చెప్పారే నీకు?" అంది రోషెల్. కోచ్ చెప్పాడు, నాన్న చెప్పాడు, ఊరు చెప్పింది. ఎందుకని ఆర్డిత్ ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజు నుంచి ప్రాక్టీసు అయ్యాక తక్కినవాళ్ళు స్నానాలకి పోతే, వీళ్ళిద్దరూ కోర్టులోనే. రోషెల్ తిట్టడం, ఆర్డిత్ వేయడం. ఆ పిల్ల మొండితనం మామూలుది కాదు. చలికి వేళ్ళు పగిలి రక్తం కారితే గుడ్డ చుట్టుకుని వేసింది. బంతి రింగుకి తగలడం మొదలైంది, ఆపైన పడటం మొదలైంది. గీత దగ్గర కాళ్ళు ఆగడం ఎప్పుడు మానేశాయో తనకే తెలియలేదు. క్రిస్మస్ దాటాక ఒక ఆటలో బంతి లాక్కుని, కోర్టంతా ఒక్క పరుగున దాటి, ఎవరికీ అందించకుండా తనే వేసింది. పడింది. ముందు వరసల్లో ఉన్న గుప్పెడు జనమూ చప్పట్లు కొట్టారు. రోషెల్ ఒళ్ళు మరిచి ఎగిరింది.

ఇంటికి ఫోన్ చేసి చెప్పింది ఆర్డిత్. "అడ్డుకోవడం మానలేదు కదా?" అన్నాడు ఆల్విన్.

ఫిబ్రవరిలో ఒక పొద్దున జట్టు బస చేసిన మోటెల్ ముందుకి బస్సు రాలేదు. మర్నాడూ రాలేదు. జీతాలు అంతకు ముందు నుంచే రావడం లేదు. మోటెల్ యజమాని సామాన్లు బయట పెట్టించాడు. లైల్ ఫోన్ ఎత్తలేదు. రోషెల్ గ్రేహౌండ్ బస్సెక్కుతూ ఆర్డిత్ తల మీద మొట్టింది.

"నువ్వు కాలేజీకి పోవే. ఇప్పుడు నిన్ను చూస్తే ఆ ఈల కోచ్ నీ కాళ్ళు పట్టుకుని బతిమాలుతుంది."

లైల్ చేతులు దులుపుకుని ఊరికొచ్చేశాడు. ఆ వసంతంలోనే మళ్ళీ విత్తనాలు అమ్మాడు. మళ్ళీ అందరూ కొన్నారు. ఆల్విన్ వాస్ కూడా కొన్నాడు! ఇర్మా ఆ రోజు మొగుడికి అన్నం పెట్టలేదు. "ఏం చేయమంటావు, ఆ రకం బాగా పండుతుంది," అన్నాడట ఆల్విన్. అయొవా రైతు మనసు అయొవా రైతుకే తెలియాలి. లైల్‌కి ఆ రూలు ముందే తెలుసా, తెలియదా అని కెఫేలో ఇప్పటికీ వాదించుకుంటారు. "ఏదో సర్దుబాటు చేస్తారనుకున్నాను" అని ఒకసారి ఆయనే అన్నాడు. సర్దుబాటు గురించి అనుకున్నాడంటే రూలు గురించి తెలిసినట్టే కదా! ఈ మాట ఎవరైనా అంటే కెఫేలో మాట మార్చేస్తారు.

వసంతం సెలవులకి ట్వైలా వచ్చింది. మనిషి సన్నబడింది, కాళ్ళు గట్టిపడ్డాయి. ఏడాదంతా బెంచీ మీద కూర్చుంది, ప్రాక్టీసులో అందరి చేతా తోపులు తింది, చివరికి ఆపడం నేర్చుకుంది. వచ్చే ఏడు ఆటలో దింపుతానని మిస్ ఓబర్గ్ మాటిచ్చిందట. ట్వైలా వాళ్ళ షెడ్డు ముందు ఇద్దరూ ఆడారు. ఆర్డిత్ వేస్తుంటే ట్వైలా ఆపింది, ట్వైలా వేస్తుంటే ఆర్డిత్ ఆపింది. కాసేపటికి ట్వైలా బంతి కింద పడేసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"దేవుడా! ఇదెప్పుడు నేర్చుకున్నావే? రా, పోదాం. ఆవిడ నిన్ను చూడాలి."

"రూలు ఉందటగా."

"రూలుకి దారి ఉంటుందేమో. నువ్వు రావే!"

ఆర్డిత్ ఒక్కతే వెళ్ళింది. ఫోన్ చేయకుండా వెళ్ళింది. ఫోన్ చేస్తే ఫోన్లోనే కాదంటారని భయం. ఎదురుగా నిలబడితే కాదనడం కష్టమని ఆశ. మిస్ ఓబర్గ్ తన గదిలో బూట్ల లేసులు విప్పుతోంది. ఆర్డిత్‌ని చూసి ఆగింది.

"కూర్చో," అంది.

"కూర్చోను మిస్. తప్పు నాదే. ఫోన్ తీయలేదు. మీరు ఏడాది కూర్చోమన్నారు, రెండేళ్ళు కూర్చోమన్నా కూర్చుంటాను. తువ్వాళ్ళు ఉతుకుతాను. నాకు టీచర్ని కావాలని ఉంది మిస్. అంతే. ఇంకేం వద్దు."

మిస్ ఓబర్గ్ విప్పిన లేసులు మళ్ళీ కట్టుకుంది. లేచి, జిమ్ములోకి నడిచింది. ఆర్డిత్ వెనకే వెళ్ళింది. జిమ్ము ఖాళీగా ఉంది. మిస్ ఓబర్గ్ బుట్టలోంచి ఒక బంతి తీసి విసిరింది.

"వెయ్యి."

వేయమంటోందంటే దారి ఉందన్నమాటే. ఆర్డిత్ కోటు విప్పి బెంచీ మీద పడేసింది. వేసింది. పడింది.

"వెనక్కి జరుగు. వెయ్యి."

పడింది.

"ఎడం పక్కనుంచి."

పడింది. ఈసారి మిస్ ఓబర్గ్ తనే వచ్చి అడ్డం నిలబడింది, పొట్టి మనిషే గానీ కాళ్ళు చురుకు. ఆర్డిత్ ఒక్క అడుగు పక్కకి వేసి, దాటుకుని పోయి వేసింది. ఆ తర్వాత అవతలి చివరి నుంచి ఇవతలి చివరికి పరిగెత్తించింది, తిరిగి పరిగెత్తించింది. మధ్య గీత మీద ఆ పిల్ల కాళ్ళు ఎక్కడా ఆగలేదు. వేసిన ప్రతిదీ పడలేదు, కొన్ని తప్పాయి. తప్పినప్పుడు తనే ముందుగా దూకి అందుకుని మళ్ళీ వేసింది. చలికి పగిలిన వేళ్ళు మళ్ళీ చిట్లాయి. ఆర్డిత్‌కి ఆ సంగతే తెలియలేదు. నవ్వుతోంది. ఆ పిల్ల అలా పళ్ళన్నీ కనిపించేలా నవ్వడం చూసినవాళ్ళు తక్కువ.

"చాలు," అంది మిస్ ఓబర్గ్.

ఆవిడ బంతి తీసుకుని, బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో పెట్టుకుంది.

"నేను ఇన్నేళ్ళుగా వెతుకుతున్న పిల్లవి నువ్వు," అంది. "ఆపే మనిషి, వేసే మనిషి, ఒకే మనిషిలో. నీలాంటిది నాకు ఒక్కతీ దొరకలేదు."

"అయితే తీసుకుంటారా?"

"తీసుకోలేను. నువ్వు జీతం తీసుకుని ఆడావు. నిరుడే, నువ్వు ఆ సంతకం పెట్టావని తెలిసిన రోజే, పైవాళ్ళని అడిగాను. కుదరదన్నారు. మొన్న మీ జట్టు మూసేశారని విని మళ్ళీ అడిగాను. మళ్ళీ కుదరదన్నారు. నీ పేరు మీద ఇంక ఏ కాలేజీలోనూ స్కాలర్‌షిప్ రాదు."

ఆర్డిత్ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం చేతకానట్టు.

"మొన్నే తెలుసా మీకు?"

"తెలుసు."

"నేను గుమ్మంలోకి వచ్చినప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి నాచేత ఎందుకు వేయించారు?"

మిస్ ఓబర్గ్ కటువు మనిషి, అబద్ధం చెప్పడం చేతకాదు. "బంతి వేయడం నీకు ఇంకా రాలేదనే అనుకున్నాను. రాకపోతే, పోనీలే, పెద్దగా పోయిందేం లేదనుకుని ఇద్దరం ఊరుకోవచ్చనుకున్నాను. తెలుసుకోవాలనిపించింది."

ఆర్డిత్ వెళ్ళి కోటు తీసుకుంది. చిట్లిన వేళ్ళకి బొత్తాలు అందలేదు, పెట్టుకోకుండానే వదిలేసింది. తలుపు దాకా పోయి వెనక్కి తిరిగింది.

"మీకు తెలిసింది మిస్," అంది. "నాకెందుకు తెలియజేశారు?"